మద్యము - యువజనము

మద్యపానమును గూర్చి వ్రాయబూనువారు సామాన్యముగ రెండు త్రోవలలో నొకదానిని ద్రొక్కుచుందురు. కొందఱు దానిని మహాపాతకముగ వర్ణించి, పాపభీతి గలిగించి, త్రాగువానిని సిగ్గుపఱచి, అంతటితో తమ కర్తవ్యము తీఱినదని తలంతురు. మఱికొందఱు అది యెవరికి వారు నిర్ణయించుకొనవలసిన స్వవిషయమనియు, పరులకు దానితో బనిలేదనియు వాదింతురు. ఈ రెండు వాదములును పెద్దవారిని మనస్సునం దుంచుకొని చేయబడినవే. పదునైదేండ్ల బాలుని విషయమున రెండును నిలువజాలవు. వానిని పాపి యనుట యన్యాయము. వానిది స్వేచ్ఛాపూర్వకమైన నిర్ణయ మనుట యసత్యము. వాని చేతికి గిన్నెను ఎవరో యందించిరి. ఆ యందించిన చేయి యెవరిది? ఏ కాలమున ఏ జనులు దానిని ఆపగలిగిరి, ఏ కాలమున ఆపలేకపోయిరి? ఈ ప్రశ్నలకు చరిత్రయే సమాధానము చెప్పవలెను. ఈ వ్యాసమున మేము చేయబూనినది ఆ విచారణయే.

మన యితిహాసములయందు మద్యమును గూర్చిన కథలు పెక్కులు గలవు. వానిలో రెండింటిని మాత్రము స్మరింతము. మొదటిది, నన్నయభట్టు తెనిగించిన ఆదిపర్వము మూలమున తెలుగు చదువరులెల్ల రెఱిగిన కచుని కథ. రాక్షసులు కచుని జంపి కాల్చి, ఆ బూడిదను సురలో గలిపి గురువైన శుక్రునకే త్రాగనిచ్చిరి. మృతసంజీవని నెఱిగిన మహామేధావి తన ప్రియశిష్యుని బూడిదను తానే త్రాగుచున్నానని తెలిసికొనలేకపోయెను. పిదప కచుని బ్రతికించుకొని, శుక్రుడు సురాపానమునకు గట్టికట్టడి చేసెను. ఈ కథలోని సారము పాపభీతి గాదని మా యభిప్రాయము. మద్యము మొట్టమొదట హరించునది వివేకమనియు, పెద్దల పానదోషమునకు తొలుత బలియగువారు చిన్నవారనియు దాని సారము.

రెండవది మౌసలపర్వమునందలిది. యాదవులకు శాపము తగిలిన పిదప ద్వారకానగరమున నెవరును మద్యమును చేయరాదనియు, చేసినవారికి శూలారోపణము తప్పదనియు చాటింపు వేయబడెను. శిక్షయో యింతకంటె కఠినమైనది లేదు. అయినను ఆ యాదవులే ప్రభాసతీర్థమునకు యాత్రవోయి, అచ్చట మితిమీఱి త్రాగి, మాటకు మాట పెంచుకొని, ఒకరి నొకరు చంపుకొని నశించిరి. శాసనము ద్వారకలో నుండెను. మద్యము ప్రభాసమున నుండెను. శాసనమునకును ఆచారమునకును గల యీ దూరమును మన పూర్వులు ఏనాడో గుర్తించిరని చెప్పుటకు ఈ కథ చాలును. ఇది జ్ఞప్తియందుంచుకొనిన యెడల తరువాతి చరిత్ర సుబోధకమగును.

చరిత్రలో బ్రవేశించుటకు ముందు, మద్యము యౌవనమునకు జేయు హాని యెట్టిదో వైద్యశాస్త్రము చెప్పుదానిని సంగ్రహముగ దెలిసికొనుట యవసరము. మద్యమునందలి మత్తుపదార్థము ఇథనాలు. అది కొంత జఠరమునుండియు, అధికభాగము చిన్నప్రేగులనుండియు రక్తములో జేరి, కొలదినిమిషములలో మెదడునకు బోవును. దానిని విఱిచి వెలికి బంపు భారము కాలేయముమీద బడును. కాలేయము గంటకు సుమారు 7 మొదలు 10 గ్రాములవఱకు మాత్రమే దానిని విఱువగలదు. మన దేశపు విస్కీ 30 మిల్లీలీటర్లలో దాదాపు 10 గ్రాములుండును. కావున ఒక గంటలో నాలుగైదు గుటకలుగ లోనికి బోయిన మద్యము ఎన్నియో గంటలవఱకు రక్తములో దిరుగుచునే యుండును. కాఫీ త్రాగినను, మజ్జిగ త్రాగినను, చన్నీట స్నానము చేసినను ఆ వేగము పెరుగదు. ఈ యుపాయములను నమ్మి వాహనము నెక్కినవారు తమకును ఎదుటివారికిని ప్రాణాపాయము దెచ్చుచున్నారు.

యౌవనమున విశేషముగ దెబ్బతినునది మెదడు. దేహము పదునెనిమిదేండ్లకు పెరిగినట్లు కనబడినను మెదడు పెరుగుదల ఇరువదియైదేండ్లకు దగ్గఱవఱకు సాగుచుండును. నుదుటివెనుకనుండు భాగము, అనగా ముందుచూపు, నిగ్రహము, మంచిచెడ్డల తూకము అనువానికి స్థానమైన భాగము, అన్నింటికంటె గడపట పక్వమగును. జ్ఞాపకమునకు ముఖ్యమైన హిప్పోకాంపసను భాగమును ఆ వయస్సున సుకుమారమైనదే. జంతువులపై జరిగిన పరిశోధనలలో ఒక విచిత్రము కనబడినది: పెద్దవానికంటె పిల్లజంతువునకు తూలుటయు, నిద్రముంచుకొనివచ్చుటయు తక్కువ; జ్ఞాపకశక్తికి గలుగు హాని యెక్కువ. మనుష్యులయందును ఇట్లే యున్నచో, ఎంత త్రాగినను తూలనివాడు తన్ను బలవంతునిగ భావించుకొనుట యెంత మోసమో చదువరులు గ్రహింపగలరు. కాళ్ళు నిలుచుచున్నవి కాని లోపల చదువు కరగిపోవుచున్నది. రాత్రి తాను చేసినపనులు ఉదయమున జ్ఞప్తికి రాకుండుట కొందఱు యువకులకు పరిహాసవిషయమైయున్నది. అది పరిహాసముగాదు, మెదడు ఆ కొన్నిగంటలు జ్ఞాపకములను వ్రాసికొనలేకపోయినదనుటకు గుర్తు.

ఏండ్లతరబడి త్రాగినవానికి కాలేయమున క్రొవ్వు చేరుట, అది వాచుట, కడపట గట్టిపడి కుంచించుకొనిపోవుట యను మూడుమెట్లును వైద్యులెఱిగినవే. క్లోమమునకు వాపు, రక్తపుపోటు, మనోవ్యాకులత దానికి తోడు. 1988లో అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనసంస్థ మద్యమును మనుష్యులకు క్యాన్సరు గలిగించునని నిశ్చయముగ దెలిసిన పదార్థములలో జేర్చెను. నోరు, గొంతు, అన్నవాహిక, కాలేయము, పెద్దప్రేగు, స్త్రీలకు స్తనము ఇవి యందుకు గుఱియగు స్థానములు. అయితే యౌవనమున మరణము ఇంతకాలము వేచియుండదు. అది రహదారిమీదను, ఈతకు దిగిన చెఱువునందును, స్నేహితుల కలహమునందును, క్షణికనైరాశ్యమున జేసికొను ఆత్మహత్యయందును వచ్చును. ప్రపంచారోగ్యసంస్థ లెక్కప్రకారము 2019లో మద్యము కారణముగ భూమిమీద 26 లక్షలమంది మరణించిరి. ఆ మరణములలో నూటికి 13 పాళ్ళు 20 మొదలు 39 ఏండ్లలోపు వయస్సువారివి. ఒక తల్లిదండ్రుల యాశలన్నియు ఫలించు వయస్సు అదియే గదా!

మఱియొక సంగతి. అమెరికాదేశమున జరిగిన యొక జాతీయసర్వే ఫలితములు 1997లో ప్రకటింపబడినవి. పదునైదేండ్లు నిండకమున్నే త్రాగ మొదలిడినవారిలో నూటికి సుమారు 40 మంది జీవితమున నెప్పుడో యొకప్పుడు మద్యమునకు బానిసలైరి. ఇరువదేండ్లు దాటిన పిదప మొదలిడినవారిలో అట్టివారు నూటికి 10 మంది మాత్రమే. ఇందు వయస్సొక్కటే కారణమని చెప్పరాదు. త్రాగుబోతు తండ్రి గల యింట బుట్టిన బిడ్డ ముందుగ మొదలుపెట్టుటయు, వానికి వంశగతమైన లోపముండుటయు సంభవమే. అయినను మొదటి గిన్నెను ఎంత వెనుకకు ద్రోయగలిగిన అంత మేలనుటకు వైద్యులలో భిన్నాభిప్రాయము లేదు. కావున పానసమస్యయందు ప్రధానమైన ప్రశ్న "మద్యము ఉండవలెనా వలదా" యనునదికాదు. "మొదటి గిన్నె ఏ వయస్సున, ఎవరి చేతినుండి వచ్చుచున్నది" యనునదియే. ఇక చరిత్రను జూతము.

ఇంగ్లండులో 1690లో ధాన్యమునుండి సారాయి గాచుటను ప్రోత్సహించు చట్టము చేయబడెను. భూస్వాముల ధాన్యమునకు బేరము గావలెను. రాజ్యమునకు పన్ను గావలెను. ఫలితముగ జిన్ను అను సారాయి లండను పేదవాడల నిండెను. తల్లులు ఏడ్చు శిశువులను ఊరడించుటకు దానిని పోయునంతవఱకు వచ్చెను. 1736లో పార్లమెంటు మేల్కొని, చిల్లర అమ్మకమునకు సంవత్సరమునకు 50 పౌనుల లైసెన్సు విధించెను. ఆ రుసుము నిచ్చుకొనగల చిల్లరవర్తకుడెవడు? లైసెన్సులు తీసికొన్నవారు బహుస్వల్పము. దొంగచాటు అమ్మకము విచ్చలవిడి. చాడీలు చెప్పి బహుమానము పుచ్చుకొను గూఢచారులను జనులు వీథులలో గొట్టిరి. 1743లో ఆ చట్టము రద్దాయెను. 1751లో మఱల నొక చట్టమువచ్చెను. అది మితమైన రుసుములుంచి, సారాయి గాచువారు చిల్లరగ నమ్మరాదని కట్టడిచేసి, ఆచరణసాధ్యముగ నుండెను. ధాన్యపు ధరలు పెరుగుటయు దానికి తోడై పానము తగ్గెను. కఠినమైన చట్టము ఓడినచోట ఆచరణసాధ్యమైన చట్టము గెలిచెను.

తరువాతి శతాబ్దమున చట్టముతోబాటు జనులే పూనుకొనిరి. 1832లో ప్రెస్టనుపట్టణమున జోసెఫ్ లివ్సీయను జున్నువర్తకుడు మఱి యారుగురితో గలిసి సంపూర్ణముగ మద్యమును వర్జించెదమని ప్రతిజ్ఞ చేసెను. 1847లో లీడ్సునగరమున బాలబాలికలకై "బ్యాండ్ ఆఫ్ హోప్" అను సంఘము నెలకొనెను. పాటలు, విహారములు, కథలు, చిత్రములు - వీనితో పనిపిల్లలకు సారాదుకాణముకంటె మిన్నయైన చోటు నొకదానిని జూపుట యా సంఘమువారి మార్గము. "వద్దు" అను మాటకంటె "ఇటు రమ్ము" అను మాట పిల్లలకు హితవుగ నుండునని వారు గ్రహించిరి. ఆ పిదప చట్టములును బాలురవైపు మళ్ళెను. 1886లో పదుమూడేండ్లలోపు బిడ్డలకు దుకాణమున గూర్చుండి త్రాగుటకు మద్యమమ్మరాదనిరి. 1908లో ఐదేండ్లలోపు శిశువులకు మద్యమిచ్చుట నేరమాయెను. 1923లో శ్రీమతి ఆస్టరు అను పార్లమెంటు సభ్యురాలు ప్రతిపాదించిన చట్టము పదునెనిమిదేండ్లలోపువారికి అమ్మకమును నిషేధించెను. పదుమూడునుండి పదునెనిమిదివఱకు జరుగుటకు ముప్పదియేడేండ్లు పట్టినది! సంస్కారము ఎంత మెల్లగ నడచునో యిందువలన దెలియును.

అమెరికా చరిత్ర మఱియొక పాఠము చెప్పును. 1920లో అచ్చట దేశమంతటను మద్యనిషేధ మమలులోనికి వచ్చి 1933లో తొలగింపబడెను. దొంగసారాయి, హంతకముఠాలు, లంచగొండితనము వీనిని గూర్చి అందఱు నెఱిగినదే. కాని 1970 దశకమున జరిగినది మనవారెక్కువగ నెఱుగరు. ఆ దశకారంభమున నిరువదితొమ్మిది రాష్ట్రములు మద్యముకొను కనీసవయస్సును 21నుండి 18, 19, 20 ఏండ్లకు దగ్గించెను. ఓటుహక్కు పదునెనిమిదేండ్లకే వచ్చినది గదా, మద్యమునకేల రాదని వాదము. వెంటనే ఆ రాష్ట్రముల రహదారులమీద యువకుల మరణములు హెచ్చెను. 1980లో, త్రాగినవాని కారుక్రింద బడి కుమార్తెను గోల్పోయిన యొక తల్లి మాతృసంఘమును స్థాపించి దేశమును గదల్చెను. 1984లో కేంద్రప్రభుత్వము, 21 ఏండ్ల నియమమును బెట్టని రాష్ట్రములకు రహదారిధనమును గోసివైతుమని చట్టముచేసెను. 1988 నాటికి అన్ని రాష్ట్రములును లోబడెను, మరణములును తగ్గెను. దేశమునెల్ల మద్యహీనము చేయబూనిన చట్టము పదుమూడేండ్లలో గూలెను. బాలురచేతినుండి గిన్నెను దీయుటతో దృప్తిజెందిన చట్టము నేటికిని నిలిచియున్నది.

ఇక మన దేశమునకు వత్తము. మన గ్రామములలో కల్లు పురాతనమైనది. ఈతచెట్టును, తాటిచెట్టును నమ్ముకొని బ్రతికిన గీతకార్మికుల కులవృత్తి యది. వారిని నిందించుట మా యుద్దేశముగాదు. పానము వ్యసనముగను, వ్యసనము రాబడిగను మాఱిన క్రమమే మనము చూడవలసినది. కంపెనీదొరలకాలమున ఇజారాపద్ధతి నుండిన ఆబ్కారీ, 1886లో చెన్నరాజధానియందు ఆబ్కారీచట్టముచేత సుస్థిరమాయెను. చదువరులు ఈ సంవత్సరమును మఱల జూడవలెను. తమ దేశమున పదుమూడేండ్లలోపు బిడ్డలను సారాదుకాణమునుండి తప్పించు చట్టము చేయబడిన 1886లోనే, ఆ పాలకులు మన దేశమున మద్యపురాబడికి మూలస్తంభమును నాటిరి. కొలదికాలమునకే ఆబ్కారీ, భూమిశిస్తు తరువాత మిక్కిలి పెద్ద రాబడియై కూర్చుండెను. తెలంగాణమున నిజాము ప్రభుత్వమునకును అది పెద్ద ఆదాయమే. ఏ ఖజానా మద్యముపై నాధారపడునో ఆ ఖజానాకు త్రాగువారు తగ్గుట నష్టముగ దోచును. ఈ విరోధమునుండి మన ప్రభుత్వములు నేటికిని బయటపడలేదు.

సంస్కర్తలు మౌనముగ నుండలేదు. రఘుపతి వేంకటరత్నమునాయుడుగారు 1891లో బందరున శీలశుద్ధికై సంఘమును స్థాపించి, పిదప కాకినాడ కళాశాలకు అధ్యక్షులై, విద్యార్థులకు పాననిరసనమును ఉపదేశముచేతకంటె స్వజీవితముచేత నెక్కువగ బోధించిరి. గాంధీమహాత్ముని సహాయనిరాకరణోద్యమమున 1921లో ఆంధ్రదేశమునందంతటను కల్లుదుకాణములయెదుట పికెటింగు జరిగెను. 1937లో రాజగోపాలాచారిగారి మంత్రివర్గము అక్టోబరు 1వ తేదీన సేలముజిల్లాయందు మద్యనిషేధమును బెట్టి, మఱుసటియేడు మన చిత్తూరు, కడప జిల్లాలకు విస్తరింపజేసెను. నష్టమైన రాబడికి బదులుగ 1939లో అమ్మకపుపన్నును గల్పించిరి. మద్యము లేకుండినను ప్రభుత్వము నడచునని చూపుటకు వారు చేసిన యీ ప్రయత్నము మెచ్చదగినది. అయితే చరిత్ర హాస్యప్రియురాలు: ఆ యమ్మకపుపన్నును నిలిచెను, మద్యపురాబడియు దిరిగివచ్చెను. యుద్ధకాలమున నిషేధము నిలుపబడెను. 1948లో చెన్నరాష్ట్రమంతటను మఱల నమలుపఱుపబడెను. ఆంధ్రరాష్ట్ర మేర్పడిన పిదప 1954లో ప్రకాశముపంతులుగారి మంత్రివర్గము మద్యనిషేధపు వివాదముననే యొక్క వోటు తేడాతో గూలిపోయెను. మద్యము మంత్రివర్గములను కూల్చగల శక్తియని అప్పుడే తెలిసినది.

తరువాతి దశాబ్దములలో నిషేధము సడలెను. 1980 దశకమున "వారుణివాహిని" యను పేర ప్రభుత్వసారాయి పొట్లములలో గ్రామగ్రామమునకు బ్రవహించెను. త్రాగునీరు లేని పల్లెకు సారాపొట్లము తప్పక చేరెడిది. పొట్లము చిన్నది, వెల తక్కువ, జేబులో నిముడును. బాలుని చేతికి జేరుటకు ఇంతకంటె సులభమైన రూపము వేఱొండు గలదా? ఆంధ్రప్రదేశపు ఆబ్కారీరాబడి 1970-71లో 39 కోట్ల రూపాయలుండగా 1991-92 నాటికి 812 కోట్లకు బెరిగెను. ఆ ధనము ఎక్కడినుండి వచ్చినది? కూలివాని దినబత్తెమునుండి, వాని భార్య పొయ్యిమీదనుండి, వాని బిడ్డల పలకలనుండి వచ్చినది.

అప్పుడు నెల్లూరుజిల్లా దూబగుంటలో జరిగిన సంగతి తెలుగుజాతి గర్వింపదగినది. అక్షరాస్యతోద్యమమున రాత్రిబడికి వచ్చిన కూలిస్త్రీలు, వాచకములో సారాదుకాణమును మూయించిన స్త్రీల కథను జదివిరి. కథ కథగ నుండలేదు. రోశమ్మ మొదలగువారు ముందునిలువగా ఆ యూరి స్త్రీలు తమ యూరి సారాయిని ఆపిరి. 1992లో అది జిల్లానిండ బ్రాకి సారాపాటలు జరుగనీయలేదు. పిమ్మట రాష్ట్రమెల్ల నలముకొనెను. వారి చేతులలో నున్నవి చీపుళ్ళు, కారపుపొడి. వారి మనస్సులో నున్నది భర్తలను గూర్చిన కోపము మాత్రమే కాదు. తండ్రిత్రోవ ద్రొక్కనున్న కొడుకులను గూర్చిన భయముకూడ. 1993 ఏప్రిలులో నెల్లూరుజిల్లాయందును, అక్టోబరు 1వ తేదీనుండి రాష్ట్రమంతటను సారాయి నిషేధింపబడెను. 1995 జనవరిలో సంపూర్ణమద్యనిషేధము వచ్చెను. 1997లో అది తొలగెను. సారానిషేధము మాత్రము నిలిచెను. ఇందును ఆ పూర్వపాఠమే కనబడుచున్నది: ఊరివారు తామే కోరి తెచ్చుకొన్నది నిలిచినది, పైనుండి వచ్చి పడినది నిలువలేదు. 2019లో ఆంధ్రప్రదేశమున దుకాణములను ప్రభుత్వమే నడపబూనెను. 2024లో మఱల ప్రైవేటువారికిచ్చెను. అమ్ముచేయి మాఱినది, కొనుచేతుల వయస్సును గూర్చిన చర్చ మాత్రము వినబడలేదు.

కడపటి యుదాహరణము ఐస్లాండు. నాలుగులక్షల జనములేని యుత్తరద్వీపమది. 1998లో అచ్చట 15, 16 ఏండ్ల బాలబాలికలలో నూటికి 42 మంది గడచిన నెలలో నొకసారియైన మత్తుగ త్రాగినట్లు చెప్పిరి. 2016 నాటికి ఆ సంఖ్య నూటికి 5కి దిగెను. వారేమి చేసిరి? మద్యముకొనుటకు కనీసవయస్సును 20 ఏండ్లుగ నుంచి దానిని నిజముగ నమలుపఱచిరి. ప్రకటనలను నిషేధించిరి. పదుమూడుమొదలు పదునాఱేండ్లవారు చలికాలమున రాత్రి పదిగంటల పిదప వెలుపల దిరుగరాదని కట్టడిచేసిరి. తల్లిదండ్రులు సంఘములుగ నేర్పడి, తమ పిల్లలతో నెక్కువకాలము గడపుదుమని వ్రాతపూర్వకముగ నొప్పుకొనిరి. ఆటలకు, సంగీతమునకు, నాట్యమునకు ప్రతిబిడ్డకు ధనసహాయము చేసిరి. పాఠశాలలలో తఱచు ప్రశ్నపత్రములు పంచి, ఏ యూరి పిల్లల స్థితి యెట్లున్నదో ఆ యూరివారికే చెప్పిరి. మనది ఐస్లాండు కాదని యాక్షేపింపవచ్చును. నిజమే. కాని సాయంకాలము ఆటస్థలము, గ్రంథాలయము, భజన, నాటకము ఇవి మనకు గ్రొత్తవా? నిన్నటివఱకు మన పల్లెలలో నుండినవే గదా!

ఇప్పుడు మన స్థితి యేమి? 2019లో ప్రకటింపబడిన కేంద్రప్రభుత్వపు సర్వేప్రకారము దేశమున సుమారు 16 కోట్లమంది మద్యము త్రాగుచున్నారు, వారిలో 5.7 కోట్లమందికి దానివలని బాధలనుండి తప్పించు సహాయము గావలెను. ఆంధ్ర, తెలంగాణరాష్ట్రములలో 21 ఏండ్లలోపువారికి మద్యమమ్మరాదని చట్టమున్నది. బాలునకు మద్యమిచ్చినవానికి ఏడేండ్లవఱకు కఠినశిక్షయు, లక్షరూపాయలవఱకు జుల్మానాయు విధింపవచ్చునని 2015 నాటి బాలన్యాయచట్టము చెప్పుచున్నది. కాని యీ చట్టమును ఎఱిగిన తండ్రు లెందఱు? పదిమందిలో బీరుసీసా తెమ్మని పదేండ్ల కొడుకును దుకాణమునకు బంపు తండ్రిని మేమెఱుగుదుము. పెండ్లి ఊరేగింపున మేనల్లునకు "ఇది వట్టి బీరేలే" యని గ్లాసు నందించు మేనమామను మేమెఱుగుదుము. ఎన్నికలకాలమున విద్యార్థులకు సీసాలు పంచు నాయకులను ఎవ రెఱుగరు? మొదటి గిన్నెనందించు చేయి శత్రువుది గాదు. తఱచుగ అది ప్రేమతో జాచిన చేయియే. సమస్యయందలి కష్టమంతయు ఇచ్చటనే యున్నది.

కావున మేము సూచించు కార్యములు గొప్పవిగావు. మొదటిది, ఇంటి పెద్దలు తమ యింట జరుగు శుభకార్యములలో ఇరువదియొకటవయేడు నిండని యేబిడ్డకును మద్యమందనీయమని నియమము పెట్టుకొనవలెను. తాము త్రాగువారైనను ఈ నియమమును పాటింపవచ్చును. ఇందు కపటము లేదు. రెండవది, గ్రామపంచాయితీలును, వీథిసంఘములును తమ దుకాణదారులతో మాటలాడి, వయస్సు విచారింపక యమ్మినచో ఫిర్యాదు చేయుదుమని స్పష్టపఱుపవలెను. దూబగుంట స్త్రీలు చేసిన దానిలో ఇది నూఱవవంతు. మూడవది, ప్రతి పాఠశాలయందును, హాస్టలునందును సాయంకాలపు రెండుగంటలకు బిడ్డల కేదియో యొక ప్రియమైన వ్యాపకమును గల్పింపవలెను. ఖాళీసాయంకాలమే దుకాణపు మొదటిమెట్టు.

నాలుగవది, అపాయకాలమున జేయవలసినది అందఱును ఎఱిగియుండవలెను. మితిమీఱి త్రాగి స్పృహదప్పిన యువకుని "నిద్రపోనిండు, దిగిపోవును" అని యొంటరిగ విడువరాదు. కడుపులోనున్న మద్యము ఇంకను రక్తములో జేరుచుండును. శ్వాస మందగింపవచ్చును, వాంతి గొంతున కడ్డుపడవచ్చును. వానిని ప్రక్కకు తిప్పి పరుండబెట్టి, దగ్గఱ నొకరుండి, వెంటనే 108కి ఫోను చేయవలెను. తిట్లు తెల్లవాఱిన పిదప తిట్టవచ్చును. ప్రాణము తెల్లవాఱిన పిదప రాదు. దొంగసారాయి త్రాగినవానికి చూపు మందగించినచో అది మిథనాలు విషమని యెంచి క్షణమాలస్యము చేయరాదు. ఏండ్లుగ ప్రతిదినము త్రాగువాడు ఒక్కసారిగ మానినచో వణుకు, మూర్ఛలు, చిత్తభ్రమ గలుగవచ్చును; అట్టివాడు వైద్యుని పర్యవేక్షణముననే మానవలెను. వ్యసనవిముక్తికై 14446 అను జాతీయసహాయసంఖ్య గలదు. పిలుచుటకు సిగ్గుపడనక్కఱలేదు. వ్యసనము దౌర్జన్యము గాదు, వ్యాధి. వ్యాధికి మందు గలదు.

సంపూర్ణనిషేధమే కావలెనను మిత్రులు మా మాటలు చాలవనవచ్చును. వారి యాశయమును మేము గౌరవింతుము. భారతరాజ్యాంగపు 47వ అధికరణము వారి పక్షముననే పలుకుచున్నది. అయితే వారు తలచిన దినమువచ్చువఱకు నేటి పదునైదేండ్లవాడు వేచియుండడు. వానికి ఇరువదియొకటవ యేడు వచ్చుటకు ఆఱేండ్లు మాత్రమే. ఆ యాఱేండ్లు వానిచేతికి గిన్నె నందింపకుండుట యే ప్రభుత్వపు టనుజ్ఞకొఱకును ఎదురుచూడని పని. అది మన యింట, మన చేతిలో నున్నది.

ద్వారకలో చాటింపు వేసినవారు ప్రభాసమునకు తోడు వెళ్ళి, తామే త్రాగిరి. మనము చాటింపు వేయకపోయినను సరియే, వచ్చు పండుగకు మన పిల్లల యెదుట ఆ గిన్నెను ఒక్కసారి క్రిందనుంచి చూతము.